అప్పట్లో ఎంత పడేది? పాత వేట లెక్క తేల్చడానికి ఏ దారి మేలు

"అబ్బో, అప్పట్లో వల వేస్తే చాలు, లాగలేక చచ్చేవాళ్లం." తీరం మీద ఏ ఊరికి వెళ్లినా డెబ్భై దాటిన వాళ్ల నోట మొదట వచ్చే మాట ఇదే. కొండల్లో అయితే తేనె గురించో, చింతపండు గురించో ఇలాగే చెబుతారు. మాట నిజమే కావచ్చు. కానీ ఆ "అప్పట్లో" ఏ సంవత్సరం, ఆ "లాగలేక" ఎన్ని కిలోలు అని కాగితం మీద పెట్టాల్సి వచ్చినప్పుడే టెన్షన్ మొదలవుతుంది.

పంచాయతీలో ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ (ఊరి మొక్కలు, జీవాల వివరాలు రాసే పుస్తకం) రాస్తున్నవాళ్లకీ, సామూహిక అటవీ హక్కు కోసం కాగితాలు సిద్ధం చేసే గ్రామసభలకీ, జువాలజీ ప్రాజెక్టు చేతికొచ్చిన పిల్లలకీ ఈ అవస్థ తప్పదు. పాత లెక్క రాసిపెట్టిన వాళ్లు లేరు. ఉన్నది మనుషుల జ్ఞాపకం. దాన్ని అడిగే దారులు నాలుగైదు ఉన్నాయి, వాటి పక్కన పెట్టి చూసుకోడానికి ఇంకో రెండు మూడు ఉన్నాయి. ఏది ఎప్పుడు పనికొస్తుందో, ఏది ఎక్కడ ముంచుతుందో నాకు తెలిసినంతలో చెబుతాను.

లెక్క దేనికి?

ఇది తేల్చుకోకుండా ప్రశ్నాపత్రం తయారు చేసేవాళ్లే ఎక్కువ. ఊరివాళ్లు ఫలానా అడవిని వాడుకున్నారని చూపించడం వరకే మీ పని అయితే కిలోల జోలికి పోనక్కర్లేదు. అటవీ హక్కుల చట్టం నియమాల్లో సాక్ష్యాల జాబితా ఉంది. హక్కు కోరేవాళ్లు కాకుండా ఇతర పెద్దలు చెప్పింది రాతలో పెడితే అదీ అందులో ఒక సాక్ష్యమే. ఎక్కడ తపసి జిగురు తీశారు, ఏ వాగు దగ్గర వెదురు కొట్టారు, ఎవరి తాత కాలం నుంచి అన్నది పేర్లతో, చోట్లతో వస్తే చాలు. అక్కడ "ఏటా 340 కిలోలు" అని రాస్తే దరఖాస్తుకు బలం రాదు. పైగా ఎవరైనా ఆ అంకె పట్టుకుని ప్రశ్నిస్తే మిగతా సాక్ష్యం కూడా పలచనవుతుంది.

పెరిగిందా తగ్గిందా, సగమైందా పదో వంతైందా అన్నది రెండో రకం అవసరం. కచ్చితంగా ఇన్ని టన్నులు అన్నది మూడోది. మొదటిదానికి జ్ఞాపకం దివ్యంగా పనిచేస్తుంది. రెండోదానికి జాగ్రత్తగా అడిగితే పనిచేస్తుంది. మూడోదానికి జ్ఞాపకం ఒక్కటే సరిపోదు, పక్కన కాగితమో కాటానో ఉండాలి.

గుంపులోనా, ఒక్కొక్కరితోనా

మొదటిసారి ఈ పని చేసినప్పుడు నేను రామాలయం అరుగు మీద పదిమందిని కూర్చోబెట్టి అడిగాను. కవళ్ళు అనే చేపల సీజన్‌లో రోజుకు ఎన్ని తట్టలు పడేవి? కులపెద్ద "పది" అన్నాడు. తర్వాత వాళ్లంతా తొమ్మిది, పది, పదకొండు. ఇంత చక్కగా కలిసిన లెక్క ఇంకెక్కడ దొరుకుతుందని మురిసిపోయాను. సాయంత్రం వల బాగుచేసుకుంటున్న ఒకాయన దగ్గర కూర్చుంటే అసలు సంగతి తెలిసింది. "పెద్దాయన పది అన్నాక నేను మూడంటే బాగుంటదా బాబూ?" తర్వాత వారం అదే మనుషుల్ని విడివిడిగా అడిగితే రెండు నుంచి పదిహేను దాకా చెప్పారు.

అలాగని గుంపును తీసిపారేయడానికి లేదు. ఒకప్పుడు ఉండి ఇప్పుడు కనపడని చేపల పేర్లు, తెప్పలు పోయి ఫైబర్ బోట్లు ఎప్పుడొచ్చాయి, రింగు వల గొడవ ఏ ఏడు, ఇలాంటివి గుంపులోనే బాగా వస్తాయి. ఒకరు మరిచింది ఇంకొకరు అందిస్తారు, తప్పు చెబితే అక్కడికక్కడే దిద్దుతారు. పేర్లకూ, వరసకూ, చోట్లకూ గుంపు. అంకెలకు మాత్రం ఒక్కొక్కరితో విడిగా. రెండూ చేయడానికి వీలుంటే గుంపు ముందు పెట్టుకోండి. అక్కడ తేలిన కాలవరస కాగితం పట్టుకుని ఇళ్లకు వెళితే పని సగం తగ్గుతుంది.

గుంపులో అంకె కావాల్సి వస్తే చింతగింజలు వాడొచ్చు. ఈ ఏటి వేటకు పది గింజలు పెట్టి, ఉప్పెన ముందు ఏటికి ఎన్ని పెడతారో పెట్టమంటారు. నలభై పెడితే నాలుగింతలని అర్థం. కిలోలు రావు గానీ నిష్పత్తి వస్తుంది. చదువురాని వాళ్లు కూడా ధైర్యంగా పెడతారు. అయితే గింజలు కూడా ఒక్కొక్కరి చేత విడిగా పెట్టించడమే మంచిది. లేదంటే కులపెద్ద పెట్టిన కుప్పే అందరి కుప్పా అవుతుంది.

ఏ సంవత్సరమో తెలియాలంటే

"ఇరవై ఏళ్ల కిందట" అన్న మాటను నమ్మకండి. అది పద్దెనిమిది కావచ్చు, ముప్ఫై కావచ్చు. గుర్తుండిపోయిన పెద్ద సంగతులు మనసులో దగ్గరికి జరుగుతాయి. నిన్నమొన్న జరిగినట్టే అనిపిస్తుంది కాబట్టి, పాత వేటను కూడా కొత్త ఏళ్లలో కలిపేస్తారు. తారీఖులు అడగడం మానేసి ఊరికి తెలిసిన గుర్తులు పట్టుకోవాలి.

ఈ విషయంలో మనవాళ్లకు లోటు లేదు. కృష్ణా తీరంలో 1977 నవంబరు దివిసీమ ఉప్పెన, గోదావరి మీద 1986 ఆగస్టు వరద, కోనసీమ, కాకినాడ వైపు 1996 నవంబరు తుఫాను, తీరమంతటికీ 2004 డిసెంబరు సునామీ, విశాఖ వాళ్లకు 2014 అక్టోబరు హుద్‌హుద్. వీటన్నిటికంటే నాకు పుష్కరాలు నచ్చుతాయి. గోదావరికి 1979, 1991, 2003, 2015. కృష్ణకు 1980, 1992, 2004, 2016. పన్నెండేళ్ల కొలబద్ద ఎవరో ముందే పాతిపెట్టినట్టు ఉంటుంది. రాజమండ్రి నుంచి రేవుల దాకా ఎవరినడిగినా తమ ఇంట్లో ఏ పుష్కరానికి ఎవరు పుట్టారో, ఎవరు పోయారో చెప్పగలరు.

ఒక జాగ్రత్త ఉంది. "తుఫాను ఏడు ఎంత పడింది" అని అడగకూడదు. ఆ ఏడు పడవలు, వలలు పోయి ఉంటాయి, అది మామూలు సంవత్సరం కాదు. "తుఫానుకు ముందు వచ్చిన సీజన్‌లో" అని అడగాలి. పుష్కరాల్లో ఈ ఇబ్బంది తక్కువ.

"ఏడాదికి ఎంత" అని అడగొద్దు

ఇంట్లో నెలకు ఎంత బియ్యం అయ్యాయో చెప్పడమే కష్టం. జాతీయ నమూనా సర్వే 1999-2000లో ఒకే ఇంటిని తిండి ఖర్చు వారం రోజులకూ అడిగింది, ముప్ఫై రోజులకూ అడిగింది. ఒక జవాబు పక్కన ఇంకో జవాబు ఉండేసరికి రెండూ ఒకదాన్నొకటి లాక్కున్నాయని, ఆ లెక్కతో దేశంలో పేదరికం ఎంత తగ్గిందో తేల్చలేమని ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. నిన్నటి తిండికే ఇంత గొడవైతే, ముప్ఫై ఏళ్ల నాటి వేటను "మొత్తం ఎంత" అని అడిగితే వచ్చేది ఊహే.

మనసుకు మొత్తాలు గుర్తుండవు, రోజులు గుర్తుంటాయి. అందులోనూ బాగా పడిన రోజులు. ఖాళీ తట్టతో ఇంటికొచ్చిన రోజు కథ కాదు కాబట్టి మరుగున పడుతుంది. అందుకే నేను మూడు రోజులు అడుగుతాను. మంచి రోజు ఎలా ఉండేది, మామూలు రోజు ఎలా ఉండేది, ఉత్త రోజు ఎలా ఉండేది. ఆపైన, పది సార్లు వేటకు వెళితే వాటిలో మంచివి ఎన్ని, మామూలువి ఎన్ని, ఉత్తవి ఎన్ని.

తేడా ఎంతుంటుందో చూడ్డానికి ఒక ఊహా లెక్క. మంచి రోజు 6 తట్టలు, మామూలు రోజు 2, ఉత్త రోజు సున్నా అనుకుందాం. పదిలో 2 మంచివి, 5 మామూలువి, 3 ఉత్తవి. పది రోజులకు 12, 10, 0 కలిపి 22 తట్టలు, అంటే రోజుకు 2.2. నెలకు 20 రోజుల చొప్పున మూడు నెలల సీజన్‌కు 60 రోజులు, 132 తట్టలు. తట్ట 15 కిలోలైతే 1,980 కిలోలు. "రోజుకు ఎంత పడేది?" అని ఒక్క ప్రశ్నతో ఊరుకుంటే ఆయన మంచి రోజునే చెబుతాడు. ఆరు తట్టలు, 60 రోజులు, 15 కిలోలు, మొత్తం 5,400. మనిషి అబద్ధం చెప్పలేదు. అయినా లెక్క రెండున్నర రెట్లు దాటిపోయింది.

తట్ట 15 కిలోలని మీరెవరు చెప్పడానికి? దీన్ని చాలామంది వదిలేస్తారు. ఆ ఇంట్లోనో పక్కింట్లోనో అటక మీద పాత తట్ట దొరికితే దించి, చేపతోనో ఇసుకతోనో నింపి, ఎంతవరకు నింపేవారో చూపించమని కాటా పెట్టండి. ఇసుక అయితే బరువు చేపకు మార్చుకోవాలి, అదొక్కటి మరవొద్దు. కొండల్లో కుంచం, మానిక, కావిడి కూడా అంతే. కుంచం అన్న పేరు ఒక్కటే గానీ ఒక ఊరి కుంచం ఇంకో ఊరి కుంచం కాదు.

ఇంకొకటి, రోజు అంటే ఏ రోజు? తెరచాప తెప్ప మీద తెల్లారి వెళ్లి మధ్యాహ్నానికి వచ్చిన రోజూ, మోటారు బోటు మీద రెండు రాత్రులు ఉండి వచ్చిన వేటా ఒకటి కాదు. అప్పుడూ ఇప్పుడూ వేటకు పది తట్టలే అంటే సముద్రం అలాగే ఉందని కాదు. ఎన్ని బారల లోతుకు వెళ్లేవారు, ఎన్ని గంటలు, వల ఎంత పొడవు, కన్ను ఎన్ని వేళ్లు, ఎంతమంది అన్నది అంకె పక్కనే రాసుకోవాలి. ఇవి రాయని పట్టిక ఎంత అందంగా ఉన్నా నేను చూడను.

పద్దు పుస్తకం, సర్కారు లెక్క, ఫోటో

ఊరి చేపలు కొన్న సావుకారు పద్దు పుస్తకం దొరికితే అది బంగారం. తేదీ ఉంటుంది, తూకం ఉంటుంది, ధర ఉంటుంది. అయితే అందులో ఉండేది అమ్మింది మాత్రమే. ఇంటికి తీసుకెళ్లిన కూర చేప, ఎండబెట్టుకున్నది, కూలీలకు పంచింది, సావుకారుకు తెలియకుండా వేరే చోట అమ్ముకున్నది ఉండవు. జ్ఞాపకం ఎక్కువ చూపిస్తుంది, పద్దు తక్కువ చూపిస్తుంది. అసలు లెక్క ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంటుందనుకుని రెండంకెలూ పక్కపక్కన చూపించండి. సగటు తీసి ఒక్కటి చేయొద్దు.

కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 1947లో మొదలైంది. ఎంచుకున్న రేవుల్లో, ఎంచుకున్న రోజుల్లో దిగిన చేపను లెక్కగట్టి రాష్ట్రానికి అంచనా వేస్తుంది. రాష్ట్రం మొత్తం ఎటు పోతోందో చూడ్డానికి అంతకంటే మంచి లెక్క మనకు లేదు. మీ ఊరి సంగతి మాత్రం అందులో దొరకదు. మన్యంలో అయితే 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనుగోళ్ల లెక్కలు ఉంటాయి, అవి కూడా డిపోకు వచ్చిన సరుకు వరకే. సంతలో షావుకార్లు కొన్నది వేరు. సర్కారు లెక్కలు ఎంత వదిలేస్తాయో ప్రపంచం మొత్తం మీద లెక్కగట్టినవాళ్లు ఉన్నారు. మత్స్య శాస్త్రవేత్తలు డేనియల్ పౌలీ, డిర్క్ జెల్లర్ 2016లో ప్రచురించిన దాని ప్రకారం 1996లో ప్రపంచ దేశాలు చూపిన సముద్రపు వేట 8.6 కోట్ల టన్నులు. చిన్న వేటనూ, ఇంటి వాడకాన్నీ, పారేసిన చేపనూ కలిపి వాళ్లు తిరగరాసిన అంచనా 13 కోట్ల టన్నులు.

ఫోటోల విషయంలో అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని కీ వెస్ట్ కథ బాగుంటుంది. సరదా వేటకు వెళ్లొచ్చిన జనం పట్టిన పెద్ద చేపల్ని రేవులో వేలాడదీసి ఫోటోలు దిగేవారు. లోరెన్ మెక్లెనహాన్ అనే పరిశోధకురాలు 1956 నుంచి 2007 వరకు ఫోటోల్లో చేపల్ని కొలిచింది. సగటు బరువు 19.9 కిలోల నుంచి 2.3 కిలోలకు పడిపోయింది. చివరి ఫోటోల్లోనూ జనం అలాగే నవ్వుతున్నారు. మన ఊళ్లలో అలాంటి ఫోటోలు అరుదు. కానీ పాత గాలం, పాత వల ముక్క, సొర పళ్లు ఎవరింట్లోనో ఉంటాయి. గాలం సైజు చూస్తే ఎంత చేపకు వేసేవారో చేప పట్టేవాడికి తెలుస్తుంది.

ఏ సరుకు అన్నదాన్ని బట్టి

తునికాకు విషయంలో జ్ఞాపకాన్ని నేను బాగా నమ్ముతాను. యాభై ఆకులు ఒక కట్ట, వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బస్తా. కల్లంలో కట్టల లెక్కనే డబ్బు చేతికొచ్చేది. డబ్బుతో ముడిపడిన లెక్క మనసులో నిలుస్తుంది. ఎన్ని కట్టలకు ఏం కొన్నారో, ఎవరి పెళ్లికి ఖర్చుపెట్టారో కూడా చెబుతారు.

వంటచెరకు దీనికి సరిగ్గా ఎదురు. రోజూ తెచ్చేది, ఎవరూ లెక్కపెట్టనిది. దానికి మొత్తం అడగడం దండగ, వారానికి ఎన్ని మోపులు అని అలవాటును అడగాలి. అలవాటును అడిగితే జవాబు ఫర్వాలేదని మడగాస్కర్‌లో చేసిన పని చెబుతోంది. అక్కడ మంచినీటి రొయ్యలూ కట్టెలూ తెచ్చుకునే జనాన్ని రోజూ అడిగి రాసుకున్న లెక్కతో ఒకసారి అడిగిన ఇంటర్వ్యూలను పోల్చారు. పరిమాణం, శ్రమ, చోటు బాగానే కలిశాయి. చిన్నచిన్న మార్పులు మాత్రం ఇంటర్వ్యూల్లో చిక్కలేదు.

పులస వేరే తంతు. సముద్రంలో ఇలసగా ఉండి వరద నీటికి గోదావరి ఎక్కే ఈ చేపను పట్టినవాడు ఏ ఏటిదీ మరచిపోడు. అందుకే అది నిజంగా ఉన్నదానికంటే జనం మాటల్లో ఎక్కువగా కనపడుతుంది. అదే వలలో పడి ఎండబెట్టిన నెత్తళ్లు ఎవరికీ గుర్తుండవు. చిన్న చేపల లెక్క కావాలంటే వేటగాడిని వదిలేసి, తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్మిన ఆడవాళ్లను అడగండి. ఎన్ని తట్టలు ఏ ఊళ్లో అమ్మేవాళ్లో, బదులు ఎన్ని మానికల ధాన్యం వచ్చేవో వాళ్ల నోట వచ్చినంత తేటగా మగవాళ్ల నోట రాదు. సర్వేలు చేసేవాళ్లు వాళ్లను అడగకుండా వచ్చేయడం నాకు ఇప్పటికీ అర్థం కాదు.

భయం, ఆశ కూడా అంకెను మారుస్తాయి. అడవి మనిషి ఫారెస్టువాళ్లు గుర్తొచ్చి తక్కువ చెబుతాడు. తీరంలో కొత్త రేవు వస్తుంది, నష్టపరిహారం ఇస్తారు అన్న మాట గాలిలో ఉంటే పాత వేట కొండంత అవుతుంది. మీరెవరో, ఈ లెక్కతో ఏం చేస్తారో, ఏం చేయలేరో ముందే చెప్పండి.

ఎవరు మిగిలారు

డేనియల్ పౌలీ 1995లో ఒక మాట చెప్పాడు. ప్రతి తరమూ తాను పనిలో దిగినప్పుడు చూసిందే మామూలు అనుకుంటుందని. మెక్సికోలో కాలిఫోర్నియా సింధుశాఖ దగ్గర మూడు తరాల వేటగాళ్లు 108 మందిని అడిగిన పరిశోధన 2005లో వచ్చింది. తగ్గిపోయిన చేపల పేర్లు కుర్రవాళ్ల కంటే ముసలివాళ్లు అయిదు రెట్లు ఎక్కువ చెప్పారు. వట్టిపోయిన వేటచోట్లు నాలుగు రెట్లు. చైనాలో యాంగ్జీ నది మీద కనుమరుగైన తెల్ల డాల్ఫిన్‌ను, పెద్ద తెడ్డు ముక్కు చేపను ఎరగనివాళ్లు ముసలివాళ్ల కంటే కుర్ర జాలరుల్లోనే ఎక్కువ. కాబట్టి వయసులు కలిపి సగటు తీయకూడదు. ముప్ఫై ఏళ్లవాడిని, యాభై ఏళ్లవాడిని, డెబ్భై ఏళ్లవాడిని వేరే వరసల్లో పెట్టి, ప్రతి ఒక్కరినీ వాళ్లు వేటకు దిగిన మొదటి ఏళ్ల గురించి అడగండి.

ఇక ఊళ్లో లేనివాళ్లు. శ్రీకాకుళం తీరం నుంచి గుజరాత్ వేరావల్ బోట్ల మీద కూలికి వెళ్లినవాళ్లు ఎందరో. వేట బాగా సాగితే వెళ్లేవాళ్లా? ఇక్కడ మిగిలినవాళ్లను మాత్రమే అడిగితే ఎంతో కొంత వేట సాగినవాళ్ల లెక్కే వస్తుంది. దాన్ని ఊళ్లో ఉన్న మొత్తం పడవలతో గుణిస్తే తప్పు కూడా అన్నిసార్లు గుణించినట్టు.

మీ దగ్గర ఉన్న సమయాన్ని బట్టి

ఒక్క రోజే ఉందా? గుంపులో కూర్చుని కాలవరసా, చేపల పేర్లూ, గింజల నిష్పత్తీ తీసుకోండి. కిలోలు రాయకండి.

వారం ఉంటే, మొదటి రోజు గుంపు, మిగతా రోజులు మూడు వయసుల నుంచీ ఒక్కొక్కరితో మూడు రోజుల ప్రశ్న. సగం మంది ఆడవాళ్లు ఉండాలి. తట్ట, కుంచం కాటా మీద పెట్టండి. చివర్లో ఒక్క అంకె రాయకుండా "ఇంత నుంచి ఇంత" అని రాయండి.

ఒక సీజన్ మొత్తం ఉంటే మీ పంట పండినట్టే. ఇప్పటి వేటను పది ఇళ్లలో రోజూ రాయించండి. సీజన్ అయ్యాక అదే ఇళ్లను జ్ఞాపకం మీద అడగండి. రాసింది 2,000 కిలోలు, చెప్పింది 2,600 అయితే మీ ఊళ్లో జ్ఞాపకం ఎంత ఉబ్బుతుందో కొంత తెలిసినట్టు. పాతికేళ్ల కిందటి జ్ఞాపకం కూడా సరిగ్గా అంతే ఉబ్బుతుందని మాత్రం అనుకోకండి, పాతబడేకొద్దీ అది మారుతుంది. సీజన్ పెట్టుకునేటప్పుడు తూర్పు తీరంలో మరబోట్లకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధమని చూసుకోండి. అప్పుడు వెళితే రాయడానికి పెద్దగా ఏమీ ఉండదు, కానీ మాట్లాడటానికి అందరూ తీరిగ్గా ఇళ్ల దగ్గరే దొరుకుతారు.

ప్రతి ఇంట్లో లేచే ముందు నేను ఒకటి అడుగుతాను: "మీతోపాటు వేటకు వచ్చి ఇప్పుడు మానేసినవాళ్లు ఎవరున్నారు, ఎక్కడున్నారు?" పేరు చెబుతారు, ఊరు చెబుతారు, ఒక్కోసారి ఫోన్ కలిపి చేతికిస్తారు.